బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు మన మధ్య ఉన్నారా?



కర్మెలు మీద అగ్ని దిగివచ్చిన తరువాతి అధ్యాయంలోనే (1 రాజులు 19) ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చొని చావు కోరుకున్నాడు. కాబట్టి డిప్రెషన్‌లో ఉన్నవారిని “విశ్వాసం తక్కువ” అనకండి. దూత అతణ్ణి గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

మనవాళ్లలో ఇది ఏడుపుగా కంటే ఒంటినొప్పులుగా, తలనొప్పిగా, చిరాకుగా బయటపడుతుంది. నిద్ర, ఆకలి మారతాయి. ఇష్టమైన పాట కూడా పాడబుద్ధి కాదు. “నేనెందుకూ పనికిరాను” అనే మాట వస్తుంది. ఇవి రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉంటే అది అలసట కాదు, డాక్టరుకు చూపించాలి.

మన హారిసన్‌లో జూన్ నెలలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మనవళ్లను చూసుకోవడానికి వచ్చి, పగలంతా ఒంటరిగా ఇంట్లో ఉండే అమ్మమ్మను, నానమ్మను అడిగారా? కొత్తగా ప్రసవించిన తల్లిని? “బాగున్నాం” అనే జవాబుతో ఆగిపోకండి.

జీపీ మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాస్తే ఏడాదికి 10 సెషన్ల వరకు మెడికేర్ రిబేటు వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు అది వర్తించదు, వారి ఇన్సూరెన్స్ చూడండి. ఇంగ్లీషు రానివారికి 131 450లో దుబాసీని అడగవచ్చు. ప్రార్థన చేయండి, మందులు మాత్రం మాన్పించకండి.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే వారిని ఒంటరిగా వదలకండి. లైఫ్‌లైన్ 13 11 14 రాత్రింబగళ్లు పలుకుతుంది. ప్రాణాపాయమైతే వెంటనే 000.