జిగురు అంటుకుంటే లాగవద్దు

శుక్లం ఆపరేషన్ అయి పది రోజులైన ఒక అవ్వను ఆమె మనుమడు ఆటోలో తీసుకొచ్చాడు. కుడికన్ను తెరుచుకోవడం లేదు. రెండు రెప్పలూ అతుక్కుపోయి, వెంట్రుకల మీద తెల్లగా పెచ్చు కట్టింది. "ఫ్రిజ్ తలుపులో ఉన్న చుక్కల మందే వేసుకున్నానమ్మా, వేయగానే మంట పుట్టింది" అంది అవ్వ. మనుమడు జేబులోంచి సీసా తీసి చూపించాడు. అది చుక్కల మందు కాదు, తెగిన చెప్పు అతికించడానికి తెచ్చిన సూపర్ గ్లూ. రెండు సీసాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, రెండింటికీ సన్నని ముక్కు, రెండూ పక్కపక్కనే ఉండేవి.

అంతకంటే పెద్ద పొరపాటు ఆ తరువాత జరిగింది. కంగారులో ఇంట్లోవాళ్ళు రెప్పలను రెండు వేళ్ళతో పట్టుకొని విడదీయబోయారు. కొన్ని వెంట్రుకలు ఊడి వచ్చాయి, రెప్ప అంచు చిట్లింది. కంటి డాక్టరుగారు గోరువెచ్చని నీటిలో తడిపిన గాజుగుడ్డ వేసి, నెమ్మదిగా వెంట్రుకలు కత్తిరించి, లోపల గట్టిపడిన జిగురు పెచ్చును తీశారు. నల్లగుడ్డు మీద గీత పడింది గాని, మందుతో మానింది. చూపు దక్కింది.

మనం ఫెవిక్విక్ అని పిలుచుకొనే ఈ రకం జిగురు లేని ఇల్లు నేడు అరుదు. కనుక దాని స్వభావం గూర్చి కొంచెం తెలిసి ఉండాలి.

ఇది ఎలా అంటుకుంటుంది?

మైదా జిగురు గాని, చెక్కకు వాడే తెల్ల జిగురు గాని అందులోని నీరు ఆరిపోతే గట్టిపడతాయి. సూపర్ గ్లూ సంగతి దానికి తలక్రిందులు. ఇందులోని సయనోఅక్రిలేట్ అనే పదార్థానికి తేమ తగలగానే అణువులు ఒకదానికొకటి గొలుసులా పట్టుకొని ప్లాస్టిక్‌గా మారిపోతాయి. గాలిలో ఉండే తేమ చాలు. మన చర్మం మీద చెమట ఎప్పుడూ ఉంటుంది. అందుకే చెప్పుకంటే ముందు వేళ్ళే అతుక్కుంటాయి!

1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకులకు పారదర్శకమైన ప్లాస్టిక్ గురి సాధనాలు చేయబోయి ఈ పదార్థాన్ని చూశారు. తాకిన ప్రతిదానికీ అంటుకొంటోందని విసిగి పక్కన పెట్టేశారు. 1951లో ఆయన బృందంలోని ఫ్రెడ్ జాయ్‌నర్ దీనిని ఒక పరికరంలోని రెండు గాజు పట్టకాల మధ్య వేసి పరీక్షిస్తే అవి మళ్ళీ ఊడిరాలేదు. విలువైన పరికరం పాడైంది గాని, జిగురు దొరికింది. 1958లో అది బజారులోకి వచ్చింది.

వేళ్ళు అతుక్కుపోతే

బలంగా లాగితే జిగురు ఊడదు, చర్మం ఊడుతుంది. ఒక గిన్నెలో గోరువెచ్చని సబ్బు నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు చేయి ముంచి ఉంచండి. తరువాత రెండు వేళ్ళ మధ్య పెన్సిలు దొర్లించినట్లు అటూ ఇటూ మెల్లగా దొర్లించండి. అంచున కొంచెం విడితే అక్కడ కొబ్బరినూనె రాసి మళ్ళీ దొర్లించండి. ఓపిక కావాలి, అంతే. ఏమీ చేయకపోయినా చర్మం పైపొర సహజంగా రాలేటప్పుడు కొద్ది రోజులలో జిగురు కూడా రాలిపోతుంది.

గోళ్ళరంగు తుడిచే ద్రావకంలో అసిటోన్ ఉంటే అది ఆరిన జిగురును మెత్తబరుస్తుంది. అసిటోన్ లేని రకాలు కూడా అమ్ముతున్నారు, సీసా మీద చదివి కొనండి. కంటి దగ్గర, నోటి దగ్గర, పుండు మీద మాత్రం అది తగలకూడదు. ఇట్టే నిప్పు అంటుకొనే సరుకు గనుక పొయ్యి దగ్గర, దోమల బత్తి దగ్గర దాని మూత తీయవద్దు. వార్నిష్ వేసిన బల్ల మీద, ప్లాస్టిక్ మీద పోస్తే మెరుపు పోతుంది. గచ్చు మీద, టైల్స్ మీద ఒలికితే పూర్తిగా ఆరనిచ్చి బ్లేడుతో గీకడమే మంచిది.

ఒలికిన జిగురును పాత నూలుగుడ్డతో గబుక్కున తుడవడం మనందరి అలవాటు. ఆ పని చేయవద్దు. నూలు, దూది, ఉన్ని తగిలినప్పుడు ఈ జిగురు చాలా వేగంగా గట్టిపడి బాగా వేడెక్కుతుంది. ఎక్కువ ఒలికితే పొగ కూడా వస్తుంది. ట్యూబు ఒడిలో ఒలికి, నూలు చీరలోంచి తొడ కాలినవారున్నారు. అలా జరిగితే వెంటనే చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. చర్మానికి అంటిన గుడ్డను పీకకండి. చుట్టూ కత్తిరించి, అంటిన ముక్కను అలాగే ఉంచి ఆసుపత్రికి రండి.

ముక్కు మూసుకుపోయిన ట్యూబును పళ్ళతో కొరికే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పెదవులు అతుక్కుంటే గోరువెచ్చని నీటితో తడుపుతూ, లోపలినుండి నాలుకతో, ఉమ్మితో నానబెట్టండి. ఒకటి రెండు రోజులలో విడిపోతాయి. ఊడిన పెచ్చు గొంతులోకి జారకుండా ఉమ్మివేయండి. గట్టిపడిన జిగురు పెద్దగా విషం కాదు, కాని ముక్క ఊపిరి గొట్టంలోకి పోతే ప్రమాదం. పసిపిల్లల విషయంలో ఆలస్యం చేయక తీసుకురండి.

కంట్లో పడితే గోరువెచ్చని నీళ్ళతో బాగా కడిగి, తడి గుడ్డ కప్పి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. రెప్పలను విప్పబోవద్దు. అసిటోన్ వద్దు, నూనె వద్దు, చనుబాలు వద్దు. సీసా కూడా వెంట తేవాలి.

కళ్ళజోడు, వేలిముద్ర

విరిగిన కళ్ళజోడును దీనితో అతికించినవారు మరునాడు అద్దం మీద తెల్లటి మసక చూసి ఆశ్చర్యపోతారు. జిగురు ఆవిరి వెళ్ళి అద్దం మీద గట్టిపడటమే కారణం. పోలీసులు నేరస్థుల వేలిముద్రలు పట్టుకొనేది కూడా ఈ ఆవిరితోనే. అనుమానమున్న వస్తువును మూసిన పెట్టెలో ఉంచి జిగురును వేడిచేస్తే, వేలిముద్రలోని చెమటను పట్టుకొని ఆవిరి తెల్లటి గీతలుగా పేరుకుంటుంది.

వైద్యంలో దీని వాడుక ఇంకా విచిత్రం. 1960లలో వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులను ఆసుపత్రికి చేర్చేలోగా రక్తం ఆపడానికి దీనిని స్ప్రేగా కొట్టారు. లివరు చెడి, కడుపులో ఉబ్బిన రక్తనాళాలు పగిలి రక్తం కక్కుకొనేవారికి ఎండోస్కోపీ ద్వారా ఈ జాతి జిగురునే నాళంలోకి ఎక్కించి రక్తం ఆపుతారు. ఇక అవ్వ కంటిని మూసేసిన జిగురుకు దగ్గరి బంధువే, నల్లగుడ్డుకు చిల్లు పడినప్పుడు కన్ను కాపాడుతుంది. చిల్లు మీద ఒక చుక్క వేసి, పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్ పెడతారు. ఈ చికిత్స మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ చేస్తారు.

పిల్లల నుదుటి మీద చిన్న గాయాలను కూడా కుట్లు లేకుండా అతికించవచ్చు. అందుకు వాడే ఒక రకానికి అమెరికాలో 1998లో అనుమతి లభించింది. ఐదు నుండి పది రోజులలో అది తనంతట రాలిపోతుంది.

ఇది చదివి కొట్టులో ట్యూబు కొని గాయాలకు పూసుకొనేరు! కొందరు పూస్తున్నారు కూడా. ఆసుపత్రి జిగురు వేరు. దాని అణువు పెద్దది, నిదానంగా కరుగుతుంది, వేడి తక్కువ, సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసినది. కొట్టులోది గాయంలో త్వరగా విరిగి కండను మండిస్తుంది, మురికిని లోపలే మూసేస్తుంది. కుక్క కాటుకు ఏ జిగురూ పనికిరాదు. సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి సూదిమందుకు రావాలి.

మడమల పగుళ్ళలో సూపర్ గ్లూ వేసుకొనే రైతులు, కూలీలు మా ఓ.పి.లో కనబడుతున్నారు. పొద్దంతా బురదలో నిలబడేవారికి పగులు పెట్టే బాధ తెలియనిది కాదు. కాని షుగర్ ఉన్నవారికి పాదం తిమ్మిరెక్కి, లోపల చీము పట్టినా నొప్పి తెలియదు. పైన జిగురు మూత ఉంటే చూడటానికీ వీలుండదు. రాత్రి కాళ్ళు నానబెట్టి, తుడిచి, వాజిలీన్ పూసి మేజోళ్ళు వేసుకోండి. పగులు ఎర్రబడితే చూపించండి. విరిగిన కట్టుడు పళ్ళను కూడా దీనితో అతికించకండి, అమరిక మారి చిగుళ్ళు ఒరుసుకుపోతాయి.

ఎక్కువ కాలం నిలుస్తుందని జిగురును ఫ్రిజ్‌లో పెడతారు. నీటికాసుల వ్యాధికి వాడే కొన్ని చుక్కల మందులను కూడా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఈ రెండూ ఒక తలుపులో ఉండకూడదు. జిగురును మూత ఉన్న డబ్బాలో వేసి, పిల్లలకు అందనంత ఎత్తున, సుత్తి, మేకుల పక్కన పెట్టండి. కంటి మందు సీసాకు ఎర్ర దారం కట్టండి. చూపు సరిగా ఆననివారికి చేతితో తడిమినా తెలుస్తుంది. ఆ అవ్వ ఇంట్లో ఇప్పుడు అలాగే కట్టారు.