బస్తా మీద నంబరు ఎందుకు? రైతు గ్రూపుకి ఇన్ఫర్మేషన్ సిస్టమ్ పాఠం



మొన్నటి వీడియోలో మా బియ్యం బస్తాల మీద స్కెచ్ పెన్నుతో రాసిన నంబర్లు చూసి చాలామంది "అవేంటండీ, రేటా, బరువా?" అని అడిగారు. వీడియోలో రెండు మాటల్లో చెప్పి వదిలేశాను. దాని వెనక కథ కొంచెం పెద్దది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి సంగతి. మా గ్రూపులో పదకొండు మందిమి. అందరం దేశవాళీ వరే వేస్తాం. నవార, బహురూపి, కుజిపటాలియా ఇలాంటివి. హైదరాబాదులో ఒక షాపుకి 25 కిలోల బస్తాలు 40 పంపించాం. మూడు వారాలకి ఫోనొచ్చింది, బియ్యంలో పురుగు పడిందని. వెళ్ళి చూస్తే నాలుగైదు బస్తాల్లోనే ఉంది. కానీ ఆ బస్తాలు ఎవరివి? ఏ రోజు మర పట్టించినవి? అందరి వడ్లూ ఒకే మిల్లుకి వెళ్ళాయి, అందరి బియ్యమూ ఒకే రకం సంచుల్లో కుట్టారు. మాలో ఒక్కరికీ తెలీదు. "ఏవి మంచివో మీరే చెప్పలేకపోతే నేను ఎలా అమ్మనండీ" అన్నాడు షాపాయన. ఆయన మాటలో తప్పేముంది? 40 బస్తాలూ వెనక్కి వచ్చేశాయి. రానూపోనూ లారీ కిరాయి మా నెత్తినే పడింది.

డబ్బు పోతే పోయింది. "నీ వడ్లు సరిగ్గా ఆరలేదు" అంటే "నీవే ఆరలేదు" అని గ్రూపులో మాటలు పెరిగాయి. ఒకాయన మనసు విరిగి గ్రూపు మానేశాడు. ఆయన వడ్లు కావని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చూపించడానికి మాత్రం ఒక్క కాగితం ముక్క లేదు.

అప్పటిదాకా ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే పెద్ద కంపెనీల వ్యవహారం, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ అనుకునేవాణ్ణి. నిజానికి ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కూడా ఇన్ఫర్మేషన్ సిస్టమే. జరిగింది జరిగినప్పుడే రాయడం, రాసింది అవసరమైనవాడికి అవసరమైన టైముకి దొరకడం. అంతే. కంప్యూటర్ ఉంటే ఆ పని తొందరగా అవుతుంది. అసలు పుస్తకమే లేనిచోట కంప్యూటర్ తెచ్చిపెట్టినా ఉపయోగం లేదు.

వ్యాపారాలు ఈ సమాచారాన్ని మూడు పనులకి వాడతాయి. రోజువారీ పని నడపడానికి, నిర్ణయాలు తీసుకోవడానికి, పదిమంది కలిసి పని చేయడానికి. మనకి బాగా అర్థమయ్యే ఉదాహరణ పాలకేంద్రం.

గుజరాత్‌లో ఆనంద్ దగ్గర ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ 1946లో రిజిస్టర్ అయింది. మనం అమూల్ అంటాం కదా, అదే. త్రిభువన్‌దాస్ పటేల్ గారు రైతుల్ని కూడగట్టారు, 1949లో కురియన్ గారు వచ్చి చేరారు. అక్కడ ఊరి సంఘంలో రోజుకి రెండు పూటలా పాలు పోస్తారు. ఒకామె లీటరు పోస్తుంది, ఇంకొకాయన పది లీటర్లు. ఒకరివి గేదె పాలు, ఒకరివి ఆవు పాలు. వెన్న శాతం చూడకుండా అందరికీ ఒకే రేటు కడితే మంచి పాలు పోసినవాడు నష్టపోతాడు, నీళ్ళు కలిపినవాడు బాగుపడతాడు. అందుకని ప్రతి పోతకీ కొలత, వెన్న పరీక్ష రెండూ ఉండాల్సిందే.

పూర్వం వెన్న పరీక్షకి శాంపిల్ తీసి, యాసిడ్ పోసి, గాజు గొట్టాల్లో తిప్పి చూసేవాళ్ళు. టైము పట్టేది. చేత్తో రాసిన లెక్కలో పొరపాటో చేతివాటమో జరిగితే పట్టుకోవడం కష్టం. తర్వాత తర్వాత ఎలక్ట్రానిక్ కాటా, వెన్న పరీక్ష మిషను, కంప్యూటర్ మూడింటినీ ఒకదానికొకటి కలిపేశారు. రైతు తన నంబరు చెబుతాడు లేదా కార్డు పెడతాడు, పాలు పోస్తాడు, బరువూ వెన్నా వాటంతటవే నమోదవుతాయి, చీటీ బయటికొస్తుంది. ఎన్ని పాలు, ఎంత వెన్న, ఎంత డబ్బు అన్నీ దాని మీదే ఉంటాయి. రైతు పక్కనే నిలబడి చూస్తుండగా జరిగే పని ఇది. మన దగ్గర కూడా చాలా పాలకేంద్రాల్లో ఇప్పుడు ఇదే పద్ధతి, చూసే ఉంటారు.

ఆ చీటీ రైతుకి డబ్బు లెక్క. అదే సంఖ్య సంఘం దగ్గర ఈ పూట మొత్తం ఎన్ని లీటర్లు అనే లెక్క అవుతుంది. జిల్లా యూనియన్ దగ్గరికి వెళ్ళేసరికి ఏ రూటుకి ఎంత ట్యాంకరు పంపాలి, చలికాలం పాలు ఎక్కువొస్తే పొడి ఎంత చేయాలి అనే నిర్ణయం అవుతుంది. ఒక్కసారి రాసింది మూడుచోట్ల మూడు రకాలుగా పనికొచ్చింది చూడండి. మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు.

ఇక నిర్ణయాల సంగతి. 2000 సంవత్సరంలో ఐటీసీ కంపెనీ మధ్యప్రదేశ్ సోయా రైతుల ఊళ్ళలో ఇ-చౌపాల్ అని మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక రైతు ఇంట్లోనే కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టి ఆ రైతుని సంచాలక్ అన్నారు. అంతకుముందు రైతు ట్రాక్టర్ నింపుకుని మండీకి వెళ్ళేదాకా రేటు తెలిసేది కాదు. వెళ్ళాక రేటు నచ్చకపోయినా వెనక్కి తెచ్చుకోలేడు, కిరాయి దండగ. కంప్యూటర్ వచ్చాక రేటు ఊళ్ళోనే తెలిసింది. కంపెనీకి అమ్మాలా, మండీకి వెళ్ళాలా, ఇంకో వారం ఆగాలా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకున్నారు. దీని మీద తర్వాత ఒక ఆర్థికవేత్త అధ్యయనం చేస్తే ఆ కేంద్రాలు వచ్చినచోట మండీల్లో కూడా సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగినట్టు తేలింది. గమనించండి, కంపెనీకి అమ్మినవాళ్ళకే కాదు, మండీకి వెళ్ళినవాళ్ళకీ లాభించింది. రైతుకి రేటు తెలుసని వ్యాపారికి తెలిస్తే చాలు, బేరం మారిపోతుంది.

అయితే ఒక మాట. ఇ-చౌపాల్‌లో పుస్తకం కంపెనీది. రైతుకి కనిపించేది రేటు. ఏ ఊళ్ళో ఎంత సరుకుంది, ఎవరు ఎప్పుడు అమ్ముతున్నారు అన్నది కంపెనీకి కనిపిస్తుంది. ఆనంద్‌లో పుస్తకం రైతుల సంఘానిది. రెండూ ఇన్ఫర్మేషన్ సిస్టమ్‌లే, నాకు మాత్రం రెండోదే నచ్చుతుంది. ఇవాళ ఫోన్లో ఉచిత యాప్ ఇస్తామంటూ వచ్చి మన పంట వివరాలన్నీ రాయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాసేముందు ఆ లెక్క రేపు మనకి తిరిగి ఇస్తారా అని అడగండి.

కూరగాయల రైతులకి ఇంకో ఉదాహరణ. ఉత్తర కేరళ తీరంలో సార్డిన్ చేపలు పట్టేవాళ్ళు 1997 ముందు ఏ పడవ ఏ రేవుదైతే ఆ రేవుకే వెళ్ళేది. ఒక రేవులో చేపలు ఎక్కువై కొనేవాడు లేక సముద్రంలో పారబోస్తుంటే, 15 కిలోమీటర్ల అవతల రేవులో కొనేవాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళిపోయేవారు. 1997 నుంచి 2001 మధ్య తీరం వెంబడి సెల్ టవర్లు వచ్చాయి. పడవలోంచే ఫోన్ చేసి ఏ రేవుకి వెళ్ళాలో తేల్చుకోవడం మొదలైంది. పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలే. మన టమాటా రోడ్డు మీద పారబోసిన రోజున పక్క జిల్లాలో రేటెంతుందో ఎంతమంది కనుక్కుని ఉంటాం?

మా విషయానికొస్తే, బస్తాలు వెనక్కొచ్చాక మొదట వాట్సాప్ గ్రూపు పెట్టాం. రెండు వారాల్లో గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయింది. ఒక ఆర్డరు వస్తే ఇద్దరు "నేను పంపిస్తా" అన్నారు. ఒకడు పంపుతాడులే అని ఇంకొకడు ఊరుకున్నాడు, చివరికి ఎవరూ పంపలేదు. కబుర్లకి వాట్సాప్ బాగుంటుంది గానీ లెక్కకి పనికిరాదు. పైన పెట్టిన మెసేజ్ సాయంత్రానికి ఎక్కడో కిందికి పోతుంది.

అప్పుడు మామూలు లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని గడులు గీశాం. రైతు నంబరు, రకం, కోసిన తేదీ, వడ్లు అప్పగించినరోజు తేమ శాతం, మర పట్టిన తేదీ, క్వింటాకి ఎన్ని కిలోల బియ్యం, ఎంత నూక, ఎవరికి పంపాం. ప్రతి లాటుకీ ఒక నంబరు. అదే నంబరు బస్తా మీద. తేమ మీటరు గ్రూపు డబ్బుతో కొన్నాం. 14 శాతం దాటితే ఆ వడ్లు తీసుకోం, ఎవరివైనా సరే, నావైనా సరే. మొదటి ఏడాది రెండుసార్లు నావే వెనక్కి పంపారు, కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

రెండో సీజన్లో ఆ పుస్తకం మేము అడగని సంగతి ఒకటి చెప్పింది. నలుగురి వడ్లకి నూక ఎప్పుడూ ఎక్కువ వస్తోంది. మిల్లాయన మీద అనుమానపడ్డాం. తీరా చూస్తే ఆ నలుగురూ తారురోడ్డు మీద ఎర్రటి ఎండలో ఆరబోసినవాళ్ళు. మరీ వేగంగా ఆరితే గింజ లోపల పగుళ్ళిస్తుంది, మరలో విరుగుతుంది. తర్వాత పంటకి పట్టాల మీద పలచగా పోసి, మధ్యాహ్నం ఎండకి కప్పి ఆరబెట్టారు. నూక తగ్గింది. నిర్ణయం తీసుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు ఆ పుస్తకాన్నే గూగుల్ షీట్‌లో కూడా పెట్టాం. అందరూ చూడొచ్చు, కానీ ఒక్కో గడి రాసే బాధ్యత ఒక్కరిదే. తేమ చూసినవాళ్ళే తేమ రాస్తారు, బస్తా లారీ ఎక్కించినవాళ్ళే పంపిన తేదీ రాస్తారు. ఇంకొకరి గడిలో వేలు పెట్టకూడదు. ఈ ఒక్క నియమంతో సగం గొడవలు తగ్గాయి.

పీజీఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలనుకునేవాళ్ళకి ఇది ఇంకా అవసరం. అందులో కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి. పక్కవాడి మాట మీద మన సర్టిఫికెట్ నిలబడుతుంది. నోటిమాట కంటే రాత మంచిది కదా. ఎగుమతికైతే అపెడా వాళ్ళ ట్రేస్‌నెట్ ఉంది, సరుకు ఏ లాటుది, ఏ రైతు గ్రూపు నుంచి వచ్చింది అన్నది దాంట్లో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళొచ్చు. మన నోట్‌బుక్ చేసే పని అదే, పెద్ద ఎత్తున.

"మనకి బయటి ఖర్చే లేదు, లెక్కెందుకు?" అని ప్రకృతి వ్యవసాయంలో ఉన్నవాళ్ళు కొంతమంది అంటుంటారు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలిపి పోయడానికి ఇంట్లో ఆడవాళ్ళది ఎన్ని గంటలు పట్టిందో ఒక్క సీజను రాసి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

పోయిన సంక్రాంతికి, గ్రూపు మానేసిన ఆయన మా ఇంటికొచ్చి ఆ పుస్తకం అడిగి తిరగేశాడు. తన పాత నంబరు గడి ఖాళీగానే ఉంచాం. ఏమీ అనలేదు, టీ తాగి వెళ్ళాడు. ఈ ఖరీఫ్‌కి వస్తాడేమో చూడాలి.

మేము వాడే పేజీ ఎలా గీశామో వీడియో చివర్లో దగ్గరగా చూపించాను. వడ్లు కళ్ళానికి వచ్చేలోపు మీ పుస్తకం గీసి పెట్టుకోండి. మీ పంటకి ఇంకేం గడులు కావాలో అనిపిస్తే రాయండి, మిరప రైతులు ముఖ్యంగా.