సోమాలీల జంతునామములు

సోమాలియా ప్రజలలో పెక్కండ్రు పశుపాలకులు. మనము ఆవు, ఎద్దు, పెయ్య, కోడె అని వేరువేరుగా చెప్పునట్లే, వారు ఒంటెల మందను గేల్ అనియు, ఆడ ఒంటెను హల్ అనియు, బరువులు మోయు మగదానిని అవ్‌ర్ అనియు, పిల్లను నిరిగ్ అనియు అందురు. మనకో, ఒంటె, లొట్టిపిట అను మాటలు చాలును!

వారి చూపు ఎంత నిశితమో పేర్లే చెప్పును. ‘దిబ్’ అనగా తోక. పరుగెత్తునపుడు తోకను నిటారుగా నిలుపు లేడి దిబతాగ్. తోక వంగియుండు తేలు దిబ్‌ఖల్లో. పొడుగు మెడ గల గరనూగ్ అను లేడి వెనుక కాళ్లపై నిలిచి చెట్ల ఆకులు మేయును. ఆంగ్లేయులును దానికి ఆ పేరునే గ్రహించిరి. 1972లో రోమన్ లిపిని స్వీకరించువరకు సోమాలీ భాషకు అధికారలిపి లేదు; ఈ మాటలన్నియు నోటనే నిలిచినవి.

షబేల్ అనగా చిరుతపులి. ఇథియోపియా కొండలలో పుట్టి సోమాలియాకు వచ్చు షబేల్లె నది పేరు దానినుండి కలిగినదే. అయినను ఆ తీరమున మందకు గొప్ప శత్రువు చిరుత కాదు, ఒక ఈగ. షబేల్లె, జుబ్బా నదుల ఒడ్డు పొదలలోని త్సెత్సె ఈగ కుట్టినపుడు పశువుల రక్తములో సూక్ష్మజీవులు చేరును. ఆ వ్యాధి పేరు గెందీ. అది సోకిన పశువు నెత్తురు క్షీణించి, నానాటికి చిక్కి, తుదకు చచ్చును. దోమ (కనేఓ), పిడుదు (షిలిన్) కూడ బాధించునవే గాని, కాపరిని తరిమివేయునది ఈ ఈగయే. వానకాలమున అది పెచ్చు పెరుగుటచే మందలను మెట్టలకు తోలుకొనిపోవుదురు. అచటి నీటిగుంటలు ఎండినంతనే మరల నదికి దింపక తప్పదు.