తెలుపు చాడీలు చెబుతుంది

పామూరు,
రోహిణి కార్తె, ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిన్నోడికి,

మీ పెద్దమ్మ మిద్దె మీద మాగాయ ముక్కలు ఆరబెట్టి, మధ్యాహ్నం తిరగేద్దామని చెప్పుల్లేకుండా ఎక్కి అరికాళ్ళు కాల్చుకుని దిగింది. ఈ సంగతి ఊరికే రాయలేదు, ఉత్తరం చివర్లో పనికొస్తుంది.

నువ్వు పంపిన ఫోటో చూశాను. పాకల సముద్రానికి దగ్గర్లో, మేడమీద, ఎనిమిది అడుగులకి ఐదడుగుల బాత్రూము. మొత్తం తెల్లగా ఉండాలి, చూడగానే బాగుందనిపించాలి, పదేళ్ళదాకా మళ్ళీ సుత్తి పట్టే పని రాకూడదు అన్నాడట ఇంటాయన. "ఏ టైల్ వెయ్యమంటావు పెదనాన్నా?" అని ఒక్క ముక్క అడిగావు. టైల్ సంగతి తర్వాత నాయనా. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం తీశాను. చదివి నీ రసమట్టం సంచిలో పెట్టుకో.

ముందొక మాట. రంగులన్నిట్లోకీ తెలుపు చాడీకోరు. గోధుమరంగు టైల్ మేస్త్రి తప్పుని ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుంటుంది. తెలుపు మాత్రం తుప్పు చార, బూజు చుక్క, నిలిచిన నీటి మరక దేన్నీ దాచదు, నెల తిరక్కుండా ఇంటాయన చెవిన వేస్తుంది. 1904 అక్టోబరులో న్యూయార్క్‌లో భూగర్భ రైలు మొదలైనప్పుడు స్టేషన్ గోడలకి ఆరంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు ఉన్న తెల్లటి మెరుపు టైళ్ళు వేశారు. ఆ కొలత టైల్‌ని నేటికీ సబ్‌వే టైల్ అనే పిలుస్తారు. నేల కింద ఉన్న కాస్త వెలుతుర్నీ అవి తిప్పికొడతాయి, మురికి పడితే కనబడుతుంది కాబట్టి కడగక తప్పదు. మనకి మాత్రం తెలుపు టైల్‌తో రాలేదు. సముద్రం ఒడ్డున గుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ళు. ఆ సున్నాన్ని ఇసకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు పోసి, రాయితో గంటలకొద్దీ రుద్ది గచ్చు తీసిన తాపీవాళ్ళ వారసులం మనం. వాళ్ళు తొందరపడలేదు కాబట్టే ఆ గచ్చు నిలిచింది.

నేను తొందరపడ్డ కథ కూడా చెబుతాను. ముప్పయ్యేళ్ళ వయసులో కొత్తపట్నం వైపు ఒక ఇంటికి తెల్ల బాత్రూము కట్టాను. పామూర్లో కట్టినట్టే కట్టాను. గోడలు రసమట్టం పెడితే బుడగ కదలకుండా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాక ఇంటావిడ కబురు పెట్టింది. వెళ్ళి చూస్తే టవల్ రాడ్ మెరుస్తూనే ఉంది. దాన్ని గోడకి పట్టించిన స్క్రూల కింద మాత్రం, కళ్ళనించి కాటుక కారినట్టు, రెండు గోధుమరంగు చారలు జానెడేసి కిందికి దిగాయి. రాడ్ మంచిదే కొన్నాను, స్క్రూలు నా సంచిలో ఉన్న మామూలు ఇనప స్క్రూలు వాడాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ చారలే అన్నీ అనేశాయి. మన ఊళ్ళో పొడి గాలి ఇనుముకి అంత చెరుపు చెయ్యదు. ఒడ్డున గాలిలోనే ఉప్పు ఉంటుంది, తేమ దాన్ని లోహానికి అంటిస్తుంది.

అందుకని నీ మొదటి లెక్క గాలిది. సముద్రం దగ్గర స్టీల్ సామాను 304 రకం కాకుండా 316 రకం అడుగు. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి అదే అడ్డం. రాడ్‌తోపాటు స్క్రూ, జాలీ మూత, తలుపు బందులు కూడా అదే రకం కావాలి. కుళాయి ఇత్తడి మీద పూత వేసిందై ఉండాలి. చేతిలో పట్టుకుంటే బరువు తెలిసిపోతుంది, తేలిగ్గా ఉన్న మిశ్రమలోహం కుళాయి వద్దు. వెంటిలేటర్‌కి ఇనప చట్రం పెట్టకు, యూపీవీసీ పెట్టు. తలుపు పీవీసీదో ఫైబర్‌దో వేసి, గుమ్మం చట్రం గ్రానైట్‌తో కట్టు. అద్దం అంచులు సీలు చేసినదే తీసుకో, గోడకి ఆనకుండా కాస్త సందు వదులు. లేకపోతే అంచులనించి నల్లబడుతూ వస్తుంది.

రెండో లెక్క నీళ్ళది. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, నీళ్ళని నమ్మకూడదని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పని మొదలెట్టకముందే ఆ ఇంటి బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి ఇవ్వు. తాగేనీటి ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మేలు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యం ఎక్కువైతే షవర్ కన్నాలు మూసుకుపోతాయి, గీజర్ లోపల సున్నం గడ్డకడుతుంది. అప్పుడు మెత్తనీటి యంత్రం ఖర్చు ఇంటాయనకి ముందే చెప్పెయ్యి. ఇక్కడ తెలుపు నీకు ఒక మేలు చేస్తుంది. నల్ల టైల్ మీద సున్నపు చుక్క ముగ్గేసినట్టు కనబడుతుంది, తెలుపు మీద కలిసిపోతుంది. నల్ల కుళాయిల ఫ్యాషన్ అందుకే ఆ ఇంటికి వద్దు. సిమెంటులో కలిపే నీళ్ళూ పరీక్షకి పంపు. ఇనుమున్న కాంక్రీటుకి కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతుంది. ఉప్పు నీళ్ళతో, ఒడ్డు ఇసకతో పూసిన గోడ చౌడు పడుతుంది. ఆ చౌడు టైల్ సందుల్లోంచి తెల్లపొడిగా ఊరుతూనే ఉంటుంది.

ఇక అసలు పని, ఎవరికీ కనబడని పని. స్లాబు దించి పోశారు కదా, దాంట్లో పైపులు వేశాక ఒకసారి, నింపి వాలు కట్టాక టైల్ కింద మరోసారి, రెండుచోట్లా వాటర్‌ప్రూఫింగ్ పూత పడాలి. పూత రెండు చేతులు. మొదటి చెయ్యి నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. నేలా గోడా కలిసే మూలని సిమెంటుతో గుండ్రం చేశాకే పూత వెయ్యి, పదును మూలలోనే పగులు పుడుతుంది. షవర్ గోడ మీద తలకి పైదాకా, మిగతా గోడల మీద అడుగు ఎత్తు దాకా పూత ఎక్కించు. పైపు స్లాబుని దాటే చోట వేలితో తడిమి చూడు. కారేది ఎక్కువగా అక్కడే.

వాలు లెక్క రాసుకో. తలుపు ఒక చివర, నీళ్ళు దిగే నహానీ ట్రాప్ ఇంకో చివర అన్నావు. పొడి భాగం ఐదడుగులకి అడుగుకి అరపావు అంగుళం, షవర్ కింద మూడడుగులకి అడుగుకి పావు అంగుళం. అంటే గుమ్మం దగ్గర్నించి ట్రాప్ దగ్గరికి మొత్తం అంగుళంన్నరకి కొంచెం తక్కువ. ఇది కంటికి కనబడదు, కాలికి తెలియదు, నీటికి తెలుస్తుంది. టైల్ వేశాక గోలీకాయ వదిలి చూడు. ఏ మూల వదిలినా ట్రాప్ దగ్గరికి రావాలి. మధ్యలో ఆగిందా, ఆగిన చోటే రేపు నీళ్ళు నిలుస్తాయి, ఎల్లుండి పసుపు మరక పడుతుంది.

ఇప్పుడు టైల్ సంగతి అడుగు. గోడకి సిరామిక్ చాలు. అది తేలిక, కోత సులువు. నేలకి మాత్రం నీటిని అర శాతంకన్నా తక్కువ పీల్చే విట్రిఫైడ్ వెయ్యి. నున్నటి మెరుపు టైల్ నేలకి వద్దు, తడి కాలు జారుతుంది, గరుకు మ్యాట్ వెయ్యి. కొలత అడుగుకి అడుగు మించనివ్వకు. నాలుగు వైపుల్నించీ ట్రాప్‌కి దిగే వాలుకి పెద్ద టైల్ వంగదు కదా. మోర్బీ నించి వచ్చే పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. తెలుపు అంతా ఒకటే అనుకోకు. రెండు బ్యాచ్‌లు పక్కపక్కన పడితే ఒకటి పాలలా, ఒకటి మజ్జిగలా కనబడతాయి. అన్నీ ఒకే బ్యాచ్ తీసుకుని, అయిపోయాక ఒక పెట్టె ఇంటాయన అటక మీద పెట్టించు.

సందు లేకుండా టైళ్ళు అతికించమని అడుగుతారు, వినకు. ఎండకి టైల్ కాస్త పెరుగుతుంది, చోటు లేకపోతే పైకి లేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదులు. విట్రిఫైడ్‌కి సిమెంటు పాలు పోసి అతికిస్తే పట్టదు, టైల్ అడెసివ్ పళ్ళ తాపీతో గీతలు పడేలా పరుచు. మర్నాడు తాపీ పిడితో ప్రతి టైల్ మీదా కొట్టు. డొల్ల మోత వచ్చిన టైల్‌ని అప్పుడే తీసెయ్యి. సందులకి వైట్ సిమెంటు పాయింటింగ్ చౌక. కానీ అది మురికిని పీల్చి ఏడాదిలో టీనీళ్ళ రంగుకి వస్తుంది. తడి చోట ఎపాక్సీ గ్రౌట్ వాడు. అయితే తెల్ల ఎపాక్సీ ఎండ పడితే పసుపెక్కుతుంది కాబట్టి లేత బూడిద రంగు ఎంచుకో. ఆ గీత తెలుపుకి కాటుకలా అందమూ ఇస్తుంది.

అందం అన్నాను కదా. అంతా తెలుపే అయితే ఆసుపత్రి గుర్తొస్తుంది. దానికి మందు ఇంకో రంగు తేవడం కాదు, తెలుపునే వేరువేరు స్పర్శల్లో చూపించడం. గోడ మెరుపు, నేల మ్యాట్, కప్పు సున్నం వేసినట్టు మెత్తన. వాటి మధ్య ఒక్క నల్ల గీత పెట్టు. ఆ నలుపుకి ఎక్కడికో పోనక్కర్లేదు. మార్కాపురం పలకల రాయి మనదే. నీ తాత అక్షరాలు దిద్దింది దాని మీదే. అది పొరలు పొరలుగా విడుతుంది. ఆ గుణం వల్లే పలక అయింది, ఆ గుణం వల్లే ఉప్పునీళ్ళు తగిలే నేలకి పనికిరాదు. వాష్‌బేసిన్ వెనక, పొడి గోడ మీద, ఒక్క వరస వెయ్యి. బేసిన్ బల్లకీ గుమ్మానికీ చీమకుర్తి గ్రానైట్ పెట్టు. గెలాక్సీ అని పేరున్న ఆ నల్లరాయిలో బంగారు చుక్కలు దీపం వేస్తే మిణుకుమంటాయి. బల్ల మాత్రం రోజూ గుడ్డతో తుడిస్తేనే సున్నం పట్టదని ఇంటాయనకి చెప్పు.

టైల్ వేసే ముందు ఒక వరస నేల మీద పొడిగా పరిచి చూడు. తలుపు తియ్యగానే కనబడే గోడ మీద ముక్క టైల్ రాకూడదు. కోసిన ముక్కలన్నీ తలుపు చాటుకి పోవాలి. గోడ గీత నేల గీతతో కలవాలి. కుళాయి టైల్ నడుమన రావాలి, లేదా సరిగ్గా సందు మీద రావాలి. చూసినవాళ్ళు బాగుందంటారు, ఎందుకు బాగుందో చెప్పలేరు. మన పనికి దక్కే మెప్పు అదే.

ఇప్పుడు మీ పెద్దమ్మ అరికాళ్ళ సంగతి. ఆ గది మేడమీద ఉంది, పైన కప్పు మీద రోజంతా ఎండే. లోపల తెల్లగా చేసే ముందు పైన తెల్లగా చెయ్యి. మిద్దెకి ఎండని తిప్పికొట్టే తెల్లపూత వేస్తే కింద గది చల్లబడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. ట్యాంకు నల్లది కాకుండా తెల్లది పెట్టించి పైన నీడ వేయించు. లేకపోతే మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే గీజర్ అక్కర్లేని నీళ్ళు వస్తాయి. వెంటిలేటర్ కప్పుకి దగ్గరగా ఉండాలి, తలుపు కింద గాలి దూరే సందు ఉండాలి. కింద చొరబడిన గాలి పైన పోతేనే గోడలు ఆరుతాయి, ఆరిన గోడకి బూజు పట్టదు. అక్టోబరు నించి డిసెంబరు దాకా తుపాను వాన అడ్డంగా కొడుతుంది, వెంటిలేటర్‌కి సజ్జా మరిచిపోకు. ఇంకోటి, వేసవిలో ఇల్లు తాళం వేసి ఊరెళ్తే ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోయి కంపు, బొద్దింకలు పైకొస్తాయి. వెళ్ళేముందు చెంబెడు నీళ్ళు పోసి, పైన చెంచాడు నూనె వెయ్యమను.

చివరిగా, ఇంటాయన చేతికి తాళం ఇచ్చేటప్పుడు యాసిడ్ సీసా సంగతి చెప్పు. మన ఇళ్ళల్లో బాత్రూము కడగడమంటే యాసిడ్ పోయడమే. అది సిమెంటు సందుల్ని తింటుంది, కుళాయి పూతని తింటుంది, దాని ఆవిరి స్టీల్‌ని కూడా వదలదు. బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువే లేస్తుంది. సబ్బునీళ్ళు చాలు. కుళాయి మీద సున్నం పడితే నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి, తీసి కడిగేస్తే పోతుంది.

ఇవన్నీ ఒక్కరోజులో తలకెక్కవు, నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది. ఒక్కటి మాత్రం ఈ వారమే చెయ్యి. పూత ఆరాక ట్రాప్‌కి బిరడా బిగించి, గుమ్మం దగ్గర ఇటుక కట్ట వేసి, గదిలో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలగట్టు. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గియ్యి. 48 గంటలు ఎవరేం తొందరపెట్టినా కదపకు. మూడో రోజు పొద్దున ముందు కింది గదిలోకి వెళ్ళి కప్పు మీద అరచెయ్యి ఆనించి చూసి, నాకు ఫోన్ చెయ్యి. పొడిగా ఉందని నువ్వు చెబితేనే మొదటి టైల్ పెట్టె విప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న.