రహీం తర్వాత ఎవరు?

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి ఇప్పటికి మూడుసార్లు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. మూడోసారి కూడా వట్టి చేతులతో పంపడం బాగుండదని, "దేనిమీద రాయమంటావయ్యా?" అన్నాను. "ఏదైనా ఫరవాలేదండి, చరిత్ర కాకుండా" అన్నాడు. చరిత్ర పాఠం చెప్పుకుని బతికేవాడితో అనవలసిన మాటేనా ఇది! సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గ్రౌండులో మన పి.డి. గారి విజిల్ వినిపించింది. వచ్చే జూన్ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా మన ఫుట్‌బాల్ జట్టంటే ఆయనే. నేను ఈ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడి, ఆయన చేత తిట్లు తిన్నవాణ్ణి. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న క్యాంటీను దగ్గర, స్టాఫ్ రూములో, గోదావరి గట్టుమీద సాయంకాలం షికార్లలో కూడా నలుగుతోంది. ఒకరు పాత విద్యార్థి పేరు చెబుతారు, ఒకరు పటియాలాలో డిప్లొమా చేసినవాడే కావాలంటారు. ప్రిన్సిపాల్ గారు వేసిన కమిటీలో నన్నూ ఒకణ్ణి చేశారు కనుక ఈ విషయం చదవక తప్పలేదు. చదివితే తేలిందేమంటే, ఈ ప్రశ్న 1963లోనే మన తెలుగుగడ్డ మీద, ఇంతకు వెయ్యిరెట్లు పెద్దదిగా వచ్చింది. చరిత్ర వద్దన్న కార్యదర్శి నన్ను క్షమించాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకు ఆడారు. వృత్తి బడిపంతులు. అందరూ రహీం సాహెబనేవారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి ఆయనే, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ ఆయనే, భారత జట్టుకు కోచ్ కూడా ఆయనే. ఒక మనిషి, మూడు కుర్చీలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

ఆ పోలీస్ జట్టు 1950లో కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. అదే ఏడాది మొదలుపెట్టి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరసగా అయిదేళ్ళు మరొకరికి దక్కనివ్వలేదు. 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. భారత జట్టు సంగతి చెప్పాలంటే, 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో మళ్ళీ బంగారం. మధ్యలో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిన రోజు కూడా ఉంది. మనవాళ్ళలో చాలామంది ఆనాడు వట్టికాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అయితే హెల్సింకీ నుంచి రహీం గారు అవమానం ఒక్కటే మోసుకురాలేదు. అక్కడ బంగారు పతకం గెలిచింది హంగరీ. ఆ కాలంలో అందరూ ఆడే పద్ధతిని డబ్ల్యూ-ఎం అనేవారు. వెనక ముగ్గురు కాపలా. వారిలో నడిమివాడి పని ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డుకు నీడలా అంటుకుని ఉండడం. హంగరీవాళ్ళు ఏం చేశారంటే, తమ సెంటర్ ఫార్వర్డును ముందు నిలబెట్టకుండా వెనక్కి లాగారు. ఇప్పుడు ఆ కాపలావాడు ఏం చెయ్యాలి? వెంట వెళితే గోలు ముందు గుమ్మం తెరిచిపెట్టినట్టు. వెళ్ళకపోతే ఆ వెనక్కి వచ్చినవాడు నింపాదిగా బంతి అందుకుని, తలెత్తి చూసి, ఎవరికి కావాలంటే వారికి అందిస్తాడు. ఈ చిక్కుకు విరుగుడుగా, నడిమి ఆటగాణ్ణి ఒకణ్ణి వెనక్కి దించి కాపలాను నలుగురు చేస్తే 4-2-4 అవుతుంది. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాక లోకమంతా ఈ పద్ధతిని నెత్తికెత్తుకుంది. రహీం గారు అంతకుముందే మన జట్టుతో ఆ బాటలో ఆడించారు. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించినప్పుడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఆ జట్టులో మన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారు.

పద్ధతి కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీలు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలనే పోటీ ఒకటి. అంటే మనలో చాలామందికి ఎడమకాలు. బంతిని ఒక్కసారి మాత్రమే తాకి వదిలెయ్యాలనే పోటీ మరొకటి. డ్రిబ్లింగు చేస్తే ఒప్పుకోని పోటీ ఇంకొకటి. పిల్లల్లో ఇంత ఎత్తుకు మించినవాళ్ళు ఆడకూడదనేది వేరొకటి. పెద్దవాళ్ళ ఒడ్డూపొడుగూ చిన్నవాళ్ళ నైపుణ్యాన్ని తొక్కెయ్యకూడదని. ఇది బడిపంతులు బుర్ర. ఏ లోపం ఉందో ఆ లోపానికే పరీక్ష పెడతాడు. నా ఎడమకాలి వాటానికి అటువంటి పోటీ ఎవరైనా కుడికాలితో పెట్టి ఉంటే, ఇన్నాళ్ళ తర్వాత కూడా పి.డి. గారు నన్ను "ఒంటికాలు" అని పిలిచేవారు కాదు.

1962 నాటికి ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. జకార్తాలో మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఏషియాడ్‌కు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న గొడవలో మన ప్రతినిధి సోంధీ చేసిన వ్యాఖ్యల వల్ల అక్కడి జనం మనవాళ్ళపై మండిపడుతున్నారు. తలకు కుట్లు పడ్డ డిఫెండరు జర్నైల్ సింగ్‌ను రహీం గారు సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది ఆ కుట్లు పడ్డ తలగాడిది. తొమ్మిది నెలలు తిరిగాయో లేదో, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఈ కథే. అజయ్ దేవగణ్ వేషం బాగానే కట్టాడు. మన పిల్లలు అది చూసి, "మన హైదరాబాద్ ఆయనాండి!" అని నన్నడిగారు. సినిమా వస్తే తప్ప తెలియకపోవడం వాళ్ళ తప్పా, మన పాఠాల తప్పా అన్నది వేరే వ్యాసం.

ఇక అసలు ప్రశ్న. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

మన దేశంలో మొదట తట్టే జవాబు కొడుకు. రహీం గారి అబ్బాయి సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవాడే. తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. కాని 1963లో ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. రెండో జవాబు శిష్యుడు. పి.కె. బెనర్జీ, బలరాం ఇద్దరూ 1936లో పుట్టినవారే. అంటే ఇరవై ఏడేళ్ళ లోపు. పి.కె. ఇంకా ఆడుతున్నాడు, బలరాం అనారోగ్యంతో ఆట మానవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన నయీముద్దీన్ అప్పటికి కుర్రవాడు. వీళ్ళలో పి.కె., నయీముద్దీన్ తర్వాతి కాలంలో దేశానికి కోచ్‌లయ్యారు. నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. విత్తనాలు మంచివే, మొలకెత్తాయి కూడా. కాని కోత కోయవలసిన ఏడాదికి పంట చేతికి రాలేదు.

మూడో జవాబు పరాయివాడు. సమాఖ్య ఇంగ్లండు నుంచి హ్యారీ రైట్‌ను తెచ్చింది. ఆయన్ని తప్పుపట్టలేం. 1964 ఆసియా కప్పులో మన జట్టు కొరియాను, హాంకాంగ్‌ను ఓడించి రెండో స్థానంలో నిలిచింది. ఇటు ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు 1963లో రోవర్స్ కప్పు గెలిచింది, రాష్ట్ర జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. చూసినవాళ్ళు, "ఇంకేం, రహీం పోయినా ఆట పోలేదు" అనుకుని ఉంటారు. చెరువుకు వచ్చే కాలువ పూడిపోయినా ఒకటి రెండు పంటలకు చెరువులో నీళ్ళుంటాయి, డెల్టావాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ తర్వాత మళ్ళీ సంతోష్ ట్రోఫీ రాలేదు. 1966లో హబీబ్, నయీముద్దీన్ కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యం వచ్చింది, అదే మన పురుషుల జట్టుకు ఏషియాడ్‌లో చివరి పతకం. 1960 తర్వాత ఒలింపిక్స్ ముఖమే చూడలేదు. మొన్న 2022లో హైదరాబాద్ క్లబ్బు స్పెయిన్ దేశపు కోచ్‌తో ఐ.ఎస్.ఎల్. గెలిచిందని సంబరపడ్డాం, 2025లో ఆ క్లబ్బు కాస్తా ఢిల్లీకి తరలిపోయింది.

మరి లోపం ఎక్కడ? ఇంగ్లండులో ఈ చిక్కు పదేపదే వచ్చింది కనుక అటు ఒకసారి చూడాలి. లివర్‌పూల్‌ను 1959 నుంచి నడిపిన బిల్ షాంక్లీ 1974లో హఠాత్తుగా తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి వచ్చిన బాబ్ పెయిస్లీ పేరున్న నాయకుడేమీ కాదు, ఆ కుర్చీ కావాలని అడిగినవాడూ కాదు. ఆ క్లబ్బుకే ఆడి, అక్కడే ఆటగాళ్ళ కాళ్ళకు చికిత్స చేసి, బూట్లు పెట్టుకునే చిన్న గదిలో షాంక్లీతో పాటు ఏళ్ళ తరబడి కూర్చుని ప్రతి ఆటనూ చర్చించినవాడు. తొమ్మిదేళ్ళలో ఆరు లీగులు, మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. షాంక్లీకే యూరోపియన్ కప్పు దక్కలేదు! మాంచెస్టర్ యునైటెడ్ కథ వేరు. 1969లో మాట్ బజ్బీ తర్వాత ముప్ఫై ఒక్కేళ్ళ మెక్‌గిన్నెస్‌కు పగ్గాలిచ్చారు. పాత నాయకుడు మాత్రం క్లబ్బులోనే ఉన్నాడు. ఏడాదిన్నర తిరిగేసరికి కుర్రవాణ్ణి దింపేసి మళ్ళీ బజ్బీనే కూర్చోబెట్టారు. అక్కడే ఇరవై ఆరేళ్ళకు పైగా ఏలి పదమూడు లీగులు గెలిచిన ఫెర్గూసన్ 2013లో డేవిడ్ మోయెస్‌ను స్వయంగా సూచించారు. ఆరేళ్ళ ఒప్పందం పది నెలల్లో ముగిసింది. ఛాంపియన్ జట్టు ఏడో స్థానానికి జారింది. పరాయివాడు పనికిరాడని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం. 2024లో లివర్‌పూల్‌లో క్లాప్ తర్వాత నెదర్లాండ్స్ నుంచి వచ్చిన స్లాట్ మొదటి ఏడాదే లీగు గెలిచాడు. అయితే క్లాప్ తాను వెళతానని నెలల ముందే చెప్పాడు, జట్టు కుదురుగా ఉంది, ఆటగాళ్ళను ఎంపిక చేసేవారు వేరే ఉన్నారు. వచ్చినవాడు ఒక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

ఇప్పుడు రహీం గారి మూడు కుర్చీలు గుర్తు చేసుకోండి. ఆయన పోయినప్పుడు దేశం వెతికింది ఒక్క కుర్చీకే, భారత జట్టు కోచ్ కుర్చీకి. ఎడమకాలి పోటీలు పెట్టే కుర్చీకి ఎవరు రావాలన్నది ఢిల్లీలోనూ కలకత్తాలోనూ ఎవరికీ పట్టలేదు. నా దృష్టిలో అసలు కుర్చీ అదే. ఆయన కింద ఆడినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. పక్కన కూర్చుని, ఎవణ్ణి ఎందుకు ఆపాడో, ఎవణ్ణి ఎందుకు ముందుకు పంపాడో వినదగిన వయసువాడు, ఆ పనే అందుకోదగినవాడు లేకపోయాడు. కింద ఆడడం వేరు, పక్కన కూర్చోవడం వేరు. ఇందులో రహీం గారి తప్పు కూడా కొంత ఉందనే అంటాను. అంత పెద్దాయనను అనవచ్చునా అంటే, మన ఊరి వీరేశలింగం పంతులు గారు బతికుండగానే తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చి, తన పనులను మనుషుల చేతికి కాక ఒక సంస్థ చేతికి అప్పగించారు. ఆయనా బడిపంతులే. కాకపోతే రహీం గారికి మృత్యువు యాభై మూడేళ్ళకే వచ్చింది, అంత వ్యవధి ఇవ్వలేదు.

ఈ లెక్కన మన కమిటీలో నేను చెప్పినది ఇది. పాత విద్యార్థా, డిప్లొమావాడా అన్న తగాదా జూన్‌లో తేల్చుకుందాం. ముందు సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి ఇద్దరినీ ఉదయం ప్రాక్టీసుకు పిలిచి పి.డి. గారి పక్కన నిలబెడదాం. ఆటగాళ్ళ ఎంపిక రోజున ఆయన ఎవరిని వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో అడిగి రాసుకోనిద్దాం. మన గ్రౌండు మార్కరు కూడా ఆ మాటల్లో ఉండాలి. ఏ కుర్రాడు ఇంటి దగ్గర తినకుండా వస్తాడో, ఎవడి మోకాలు ఎప్పుడు పట్టేసిందో ఆయనకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. రిటైరయ్యాక పి.డి. గారు మొదటి ఏడాది గ్రౌండు వైపు రాకూడదని కూడా అన్నాను. దీనికి ఇద్దరు సభ్యులు నొచ్చుకున్నారు. బజ్బీ కథ చెప్పాను, అయినా నొచ్చుకునే ఉన్నారు.

నిన్న సాయంత్రం ఈ వ్యాసం చిత్తుప్రతి పట్టుకెళ్ళి పి.డి. గారికే చదివి వినిపించాను. గట్టుమీద సిమెంటు బల్లపై కూర్చుని అంతా విన్నారు. బజ్బీ దగ్గర ఒకసారి నవ్వారు.

"ఏరా ఒంటికాలూ, మీరంతా నా కుర్చీ గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు కుర్చీ ఎక్కడుందిరా? స్టోర్స్ గదిలో ఉన్నది స్టూలు" అన్నారు.

"అది కాదు మాస్టారూ, మొదటి ఏడాది రావద్దన్నానని..."

"రాన్లే. ఎడమకాలి పోటీ అన్నావే, అది కొత్తగా చేరిన పిల్లలకి ఈ ఆదివారమే పెడదాం. ఆ ఇద్దరినీ రమ్మను. రిఫరీలుగా ఉంటారు. అన్నట్టు గోలు వలలు చిరిగి రెండేళ్ళయింది, నీ కమిటీ వాళ్ళకి అది కూడా చెప్పు."

వలల కోసం ఇండెంటు ఈ ఉదయమే రాసి ఆఫీసులో ఇచ్చాను. ఆదివారం పోటీ ఆరున్నరకి మొదలవుతుంది. ఎడమకాలి వాటం వాళ్ళు కుడికాలితో ఆడాలి.