బ్రౌజరునందును సర్వరునందును ఒకే అభ్యర్థన

మంథని పట్టణమును గూర్చి తెలుగు వికీపీడియాలో నొక వ్యాసము కలదు. దానిలోని మొదటి వాక్యములను తెచ్చి తాను నిర్మించిన వెబ్ పుటలో చూపవలెనని విద్యార్థి యొకడు సంకల్పించెననుకొందము. చిన్న పనియే. కాని దీనిని రెండు తావులనుండి చేయవచ్చును. చదువరి చేతిలోని బ్రౌజరే నేరుగా వికీపీడియాను అడుగవచ్చును. లేదా పుటను సిద్ధపరచు సర్వరు ముందుగా అడిగి, వచ్చిన జవాబును పుటలో కూర్చి పంపవచ్చును. రెండు తావులను జావాస్క్రిప్టు భాషయే నడచుచున్నను, ఒకచోట చక్కగా పనిచేసిన వ్రాత రెండవచోట తప్పుట తరచుగా జరుగును. అట్లు తప్పినప్పుడు చదువరికి కనబడునది ఖాళీ పుటయే. మా యూరిని గూర్చి యెవ్వరును వ్రాయలేదు కాబోలునని యాతడు తలచును. వ్యాసము ఉండియు లేనిదైపోవుట విచారకరమే గదా!

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ నిర్మించెను. అది బ్రౌజరు కొరకే పుట్టిన భాష. పుటను మరల తెరువకయే సర్వరును ప్రశ్నించు సాధనమొకటి 1999లో మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5తో వచ్చెను. దాని పేరు ఎక్స్ఎమ్ఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్టు. నోరు తిరుగని పేరేగాని, దానివలన కలిగిన మేలు గొప్పది. 2009లో రయన్ డాల్ ఈ భాషనే బ్రౌజరు వెలుపలికి తెచ్చి, నోడ్ అను పేర సర్వరులపై నడిపించెను. అయితే పై సాధనము అచ్చట లేదు. అభ్యర్థనలు పంపుటకు నోడ్ తన సొంత పద్ధతి నేర్పరచుకొనెను. ఒకే సంగతిని ఒక కచేరికి ఒక ఫారముమీదను, మరియొక కచేరికి వేరొక ఫారముమీదను వ్రాయవలసి వచ్చినట్లాయెను.

ఇది శ్రమ మాత్రమే యైనచో ఓర్చుకొనవచ్చును. తెలుగు వ్రాయువారికి ఇందు వేరొక చిక్కు కలదు. యూనికోడు నందలి ప్రతి తెలుగు గుర్తును యూటీఎఫ్-8 అను పద్ధతిలో మూడు బైట్లుగా పంపుదురు. బైటనగా 0 మొదలు 255 వరకుగల యొక సంఖ్య. ‘మ’ అను అక్షరము 224, 176, 174 అను మూడు సంఖ్యలుగా ప్రయాణము చేయును. నోడ్ పాత పద్ధతిలో జవాబు తునకలు తునకలుగా చేతికి వచ్చును. వాటిని కూర్చుట వ్రాసినవాని బాధ్యత. ఒక తునక సరిగా 176 తరువాత తెగి, 174 మరుసటి తునకలోనికి పోయినదనుకొనుడు. ప్రతి తునకను విడివిడిగా అక్షరములుగా మార్చి యతికించినచో ‘మ’ నశించి, దాని స్థానమున ప్రశ్నార్థకపు ముద్రలు నిలుచును. తునకలన్నియు చేరిన పిమ్మట ఒక్కమారే మార్చినచో ఈ కీడు లేదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒకటే బైటు గనుక అది నడుమ తెగుటకు వీలు లేదు. ఇంగ్లీషు పాఠముతో మాత్రమే పరీక్షించినవానికి ఈ దోషము కనబడనే కనబడదు.

2015లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులు ‘ఫెచ్’ అను క్రొత్త సాధనమును గైకొనెను. దీనికి జవాబును మొత్తముగా అక్షరరూపమున ఇమ్మని చెప్పిన చాలును. తునకల బాధ మనకుండదు. నోడ్ దీనిని వెంటనే గ్రహింపలేదు. ఆ నడిమి కాలమున నోడ్‌ఫెచ్, ఆక్సియోస్ మొదలగు గ్రంథాలయములను ఇతరులు వ్రాసి లోటు పూరించిరి. 2022 ఏప్రిలులో వెలువడిన నోడ్ 18లో ఫెచ్ సహజముగా చేరెను. 2023 అక్టోబరునాటి నోడ్ 21లో దానికున్న ప్రయోగాత్మకమను ముద్రయు తొలగెను. నేడు రెండు తావులను ఒకే మాటతో అడుగవచ్చును.

ఇక మన యూరి పేరు చిరునామాలో నెట్లు పోవునో చూతము. ‘మంథని’ యందు మ, సున్న, థ, న, గుడి అని అయిదు గుర్తులు. అనగా 15 బైట్లు. వెబ్ చిరునామా తెలుగు అక్షరములను ఉన్నవి యున్నట్లు మోయదు. ప్రతి బైటును శాతపు గుర్తుతోను, దాని వెనుక రెండు గుర్తులతోను వ్రాయవలెను. కాబట్టి మంథని 45 గుర్తులుగా మారును. నోడ్ పాత పద్ధతిలో మార్గమునందు తెలుగు పేరునే పెట్టినచో, అభ్యర్థన బయలుదేరకమునుపే దోషమని నిలిచిపోవును. ఫెచ్ ఈ మార్పును రెండు తావులను ఒకే రీతిగా తానే చేయును. ఇచ్చట అతిజాగ్రత్తయు కీడే. ముందుగా మనము చేతితో మార్చిన పేరును, శాతపు గుర్తునుకూడ మార్చు వేరొక సాధనమునకు మరల నిచ్చితిమా, శాతపు గుర్తులు పదునైదును తిరిగి మార్పునొంది, 45 గుర్తులు 75 అగును. అట్టి పుట యెచ్చటను దొరకదు. మార్పు ఒక్కసారియే, ఒక్కచోటనే జరుగవలెను. థకారమునకు ధకారము వ్రాసిన తప్పును మాత్రము ఏ సాధనమును దిద్దలేదు.

మాట ఒకటియైనను, పలుకువాని స్థితి ఒకటి కాదు. బ్రౌజరు ఎల్లప్పుడు ఏదో యొక పుటయందుండును గనుక సగము చిరునామా చెప్పినను తక్కినది పూరించుకొనును. సర్వరునకు అట్టి ఆధారము లేదు. దానికి మొదటినుండి తుదివరకు పూర్తి చిరునామా కావలెను. బ్రౌజరు తన యొద్దనున్న కుకీలను తన స్థానమునకు పంపును. నోడ్ వాటిని దాచుకొనదు. ఒక స్థానపు పుట వేరొక స్థానపు జవాబును చదువవలెనన్నచో ఆ రెండవ స్థానము అనుమతించినదా యని బ్రౌజరు చూచును; సర్వరునకు ఆ కావలి లేదు. వికీపీడియా ప్రశ్నల చిరునామాలో ‘ఆరిజిన్’ అను పేరునకు నక్షత్రపు గుర్తును విలువగా చేర్చినచో, లోనికి ప్రవేశింపని సామాన్య పాఠకులందరికిని ఆ యనుమతి లభించును. సర్వరునుండి పోవునప్పుడు అది యుండుటవలన నష్టము లేదు గనుక రెంటను ఉంచుటయే మేలు. అడుగువారెవరో తెలుపుడని వికీపీడియావారు కోరుదురు. సర్వరు ‘యూజర్ ఏజెంట్’ అను శీర్షికలో ఆ సంగతి తెలుపవచ్చును. బ్రౌజరులో ఆ శీర్షికపై మనకు నమ్మదగిన అధికారము లేదు. అందుకొరకే ‘ఏపీఐ యూజర్ ఏజెంట్’ అను వేరొక శీర్షికను వారేర్పరచిరి.

వైఫల్యమును గూర్చి పలువురు పొరపడుదురు. సర్వరు 404 అని, అనగా పుట లేదని, చెప్పినను ఫెచ్ దానిని వైఫల్యముగా నెంచదు. జవాబు వచ్చినది గదా యని దాని వాదము. కావున జవాబులోని ‘ఓకే’ అను గుర్తును మనమే చూచుకొనవలెను. వికీపీడియా ప్రశ్నల పద్ధతిలో నింకొక విశేషము: లేని వ్యాసము నడిగినను 200 అను శుభసంఖ్యయే వచ్చును, వ్యాసము లేదను మాట జవాబు లోపల నుండును. ఫెచ్ తనంతట విఫలమగునది సంబంధము తెగినప్పుడును, చిరునామా చెడినప్పుడును, అనుమతి లేనప్పుడును, మనమే ఆపినప్పుడును.

ఇన్ని భేదములను ప్రతి పుటలోను తలచుకొనుచు వ్రాయుట యెవరి తరము? అభ్యర్థనకు సంబంధించినదంతయు ఒక్క ప్రమేయముగా వ్రాసి, ఒక్క దస్త్రమునందుంచి, దానినే బ్రౌజరునకును సర్వరునకును ఇయ్యవలెను. పూర్తి చిరునామా, పేరు మార్పు, పది క్షణములలో జవాబు రానిచో ఆపుట, ఓకే పరీక్ష, వ్యాసము కలదా లేదా యను పరీక్ష, అన్నియు అందే యుండవలెను. మారునది శీర్షిక పేరొక్కటే. పిమ్మట మంథని పేరుతో నొకమారును, కల్పితమైన పేరుతో నొకమారును, ఇంటర్నెట్ తీగ ఊడదీసి యొకమారును రెండు తావులను నడిపి, వచ్చిన జవాబులను ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము పోల్చి చూడవలెను.