వినబడని ఏడుపు

తల్లినుండి వేరుచేసిన ఎలుకపిల్ల ఏడుస్తుంది. కాని ఆ ఏడుపు మనిషి చెవికి వినబడదు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే గ్రహించగలదు. ఎలుకపిల్ల కూత 40,000 కంపనాల ప్రాంతంలో ఉంటుంది. తల్లి ఎలుక దానిని విని, పిల్లను నోట కరచుకొని గూటికి చేరుస్తుంది. చిట్టెలుక పిల్లలలో ఇట్టి అతిధ్వనులను 1956లో జిప్పెలియస్, ష్లైట్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

కాలక్రమంలో ఈ కూత, ఆందోళనను తగ్గించే మందుల పరిశోధనకు కొలబద్ద అయింది. సుమారు పది రోజుల పిల్లకు మందు ఇచ్చి, కొంతసేపటి తరువాత ఒంటరిగా ఉంచి, కొద్ది నిమిషాలలో ఎన్నిసార్లు కూసినదో యంత్రంతో లెక్కిస్తారు. శిక్షణ గాని, విద్యుదాఘాతం గాని అవసరం లేదు. 1963లో వాలియం పేరుతో అమెరికా మార్కెట్టులోకి వచ్చిన డయజెపామ్ వంటి మందులు ఈ కూతలను తగ్గిస్తాయని 1980లలో జరిగిన ప్రయోగాలు చూపాయి. ఆందోళనను పుట్టించే పెంటిలీన్‌టెట్రజోల్ వాటిని పెంచింది.

అయితే పిల్ల మౌనం వహించినంత మాత్రాన దాని భయం తీరినట్లేనా? మత్తు కమ్మినా పిల్ల కూయదు. కనుక దాని కదలికలను కూడా కొలవాలి. కదలికలు మందగించని మోతాదులోనే కూతలు తగ్గితే ఆ మందుపై ఆశ పెట్టుకోవచ్చు. రెండవ చిక్కు చలి. ఒంటిపై బొచ్చు సరిగా రాని పిల్ల తన శరీరపు వేడిని తాను నిలుపుకోలేదు. చలి వేస్తే ఎక్కువగా కూస్తుంది. కనుక గది ఉష్ణోగ్రతను, పిల్ల ఉష్ణోగ్రతను గమనించకుండా తేల్చిన ఫలితం నమ్మదగినది కాదు. మూడవది, నొప్పిని తగ్గించే మార్ఫిన్ కూడా ఈ కూతలను అణచివేస్తుంది. అనగా కూత ఒక్కటే ఆందోళనకు సాక్ష్యం కాజాలదు.

ఈ వివేకం ప్రయోగశాలకే పరిమితం కాదు. ఎలుకపిల్లల కూతను తగ్గించిన మందులలో సెరటోనిన్‌పై పనిచేసేవి కూడా ఉన్నాయి. అట్టి మందులతో సహా, కుంగుబాటుకు వాడే మందులు కొందరు పిల్లలలో, కౌమారంలో ఉన్నవారిలో ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చునని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2004లో తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. అంతమాత్రాన అవి నిరుపయోగాలని కాదు. ఎందరికో మేలు చేస్తున్నాయి. కాని వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే ప్రారంభించాలి, హఠాత్తుగా మానరాదు, తొలి వారాలలో పిల్లల ప్రవర్తనను తల్లిదండ్రులు శ్రద్ధగా గమనించాలి.

ఏడుపు ఆగిందా అన్నది తొలి ప్రశ్న మాత్రమే. ఎందువలన ఆగిందన్నదే అసలు ప్రశ్న.